నాయన బనియన్ను పట్టుకున్న పిల్లి

మా శాఖా గ్రంథాలయంలో ఆవు మీద పుస్తకం ఉంది. గేదె, గొర్రె, నాటుకోడి, తేనెటీగ, చివరికి పట్టుపురుగు మీద కూడా ఉంది. పిల్లి మీద మాత్రం లేదు. పాలివ్వదు, గుడ్డు పెట్టదు కాబట్టి దాని జబ్బుల గురించి రాయాలని ఎవరికీ తోచలేదేమో. ఇది రాసిపెట్టడానికి అదొక కారణం. రెండో కారణం మా ఇంట్లోనే ఉంది. మా పిల్లి ఎలా బతికిందో నాయన వీధిలో ఒక రకంగా చెబుతున్నారు, అమ్మ మిద్దె మీద వడియాలు పెడుతూ ఇంకో రకంగా చెబుతోంది. ఇద్దరూ అబద్ధం ఆడరు. అయినా కథలు కలవవు. గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డ మూడో మనిషిని నేనే కాబట్టి సాక్ష్యం నేనే చెప్పాలి.

నేను పదో తరగతితో బడి మానేశాను. ఇంట్లో జాకెట్లు కుడతాను. మిగతా చదువంతా ఆ గ్రంథాలయంలోనే చదువుకున్నాను. అక్కడి బీరువాల్లో నేను తెరవని పుస్తకాలు తక్కువ. ఈ మాట గొప్పకే చెబుతున్నాను.

మా పిల్లికి పేరు లేదు. నాయన పెట్టిన పేరు అమ్మ పిలవలేదు, అమ్మ పెట్టింది నాయన పిలవలేదు. మా ఇంట్లో ఏదైనా అంతే. ఇద్దరూ వైష్ణవులే గానీ నాయనది తెంగలై వంశం, అమ్మది వడగలై. నాయన నామానికి ముక్కు మీదికి దిగే పాదం ఉంటుంది, అమ్మ పుట్టింటివాళ్ళ నామానికి ఉండదు. దేవుడు మనల్ని ఎలా కాపాడతాడన్న దగ్గర కూడా తేడా ఉంది. తల్లిపిల్లి కూనను నోట కరుచుకుని తీసుకుపోతుంది, కూన చేయాల్సిందేమీ లేదు, దయ అంటే అదీ అని నాయన వైపువాళ్ళు అంటారు. కోతిపిల్ల తల్లి పొట్టను గట్టిగా పట్టుకోవాలి, మన ప్రయత్నమూ ఉండాలని అమ్మ వైపువాళ్ళు అంటారు. దీని మీద పెద్ద పెద్ద గ్రంథాలున్నాయని నేను చదివి తెలుసుకున్నాను. మా ఇంట్లో వాదానికి గ్యాస్ సిలిండర్ చాలు.

"అన్నీ ఆయనే చూసుకుంటాడు" అని నాయన కుర్చీలో వెనక్కి వాలతారు.

"ఆయన కొండ దిగి వచ్చి సిలిండర్ మార్చడు. మీరు లేయండి" అంటుంది అమ్మ.

పేరు లేని పిల్లి, అమ్మ "ఏమే" అంటే వచ్చేది. నన్నూ అలాగే పిలుస్తుంది కాబట్టి ఇద్దరం వెళ్ళేవాళ్ళం.

ఒక ఎండాకాలం ఉదయం నేనొక్కదాన్నే వెళ్ళాను. పిల్లి కుట్టుమిషన్ కింద గుడ్డముక్కల్లో పడుకుని ఉంది. పెరుగన్నం పెడితే ముఖం తిప్పుకుంది. లేపితే వెనక కాళ్ళు తూలాయి.

పక్కింటి అత్త గోడ మీంచి తొంగి చూసింది. "కాళ్ళు ఈడుస్తా ఉండాదే! పుత్తూరుకు తీసకపోయి కట్టు కట్టించండి. మా ఆయన చెయ్యి ఆడనే అతుక్కునింది."

"బస్సులో దీనికీ టికెట్టు తీయాల్నా?" అన్నారు నాయన. నవ్వించాలనే అన్నారు గానీ అప్పటికే పిల్లిని తువ్వాల్లో చుట్టి ఎత్తుకున్నారు.

పుత్తూరుకు కాదు, పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసింది, రక్తం పరీక్ష చేయించింది. ఎముకలు బాగున్నాయి, రక్తం బాగుంది. బాగాలేనిది పిల్లి ఒక్కటే. నేను గ్రంథాలయానికి పోయి దొరికినవన్నీ చదివి మర్నాడు మళ్ళీ ఆమె ముందు నిలబడ్డాను.

"గొంతువాపు అయి ఉండొచ్చా మేడమ్?"

"అది బర్రెలకు వచ్చేది."

"నీలినాలుక?"

"గొర్రెలకు."

"కొక్కెర తెగులు?"

"కోళ్ళకమ్మా. ఇంకేమన్నా మిగిలిండాదా?"

"తేనెటీగలవి" అన్నాను.

ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాలేదు. ఒకటి మాత్రం తెలుసు. పిల్లి తిండి మానేస్తే కాలేయం చెడిపోతాది. ఎట్లైనా కడుపులోకి తిండి పడాల. పడితే బతుకుతాది, లేకుంటే కష్టం."

నేను చదివిన ఏ పుస్తకమూ తనకు తెలియదని అంత తేలికగా ఒప్పుకోలేదు.

ఆమె ఇచ్చిన డబ్బా మీద చేప బొమ్మ ఉంది. మా వంటింట్లోకి ఉల్లిపాయే రాదు. అమ్మ ఆ డబ్బాను కాసేపు చూసి, బొమ్మను గోడ వైపు తిప్పి పెట్టింది. "మందుకు మడేంది?" అని తనే గోరువెచ్చటి నీళ్ళలో కలిపి సిరంజిలోకి ఎక్కించింది.

కానీ పిల్లి నోరు తెరవదే! అప్పుడు నాయనకు సిద్ధాంతం గుర్తుకొచ్చింది. "కూనను తల్లి ఎట్ల పట్టుకుంటాది? మెడ మీద. పట్టుకుంటే అది ఊరికే ఉంటాది. ఏమ్మా, నువ్వూ చదివినావు గదా?"

"చదివినాను నాయనా. వ్యాఖ్యానంలో కూడా ఉండాది" అన్నాను.

వ్యాఖ్యానం మా పిల్లి చదవలేదు. నాయన మెడ మీది తోలు పట్టుకోగానే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులా ఆడాయి. నాయన ముంజేతి మీద గీతలు పడ్డాయి. సిరంజి ఎగిరి చేపగుజ్జంతా ఆయన నామం మీద పడింది, సరిగ్గా పాదం దగ్గర.

మళ్ళీ ఆసుపత్రికి పోతే, ఆ గీతలు చూసి డాక్టరమ్మ తల పట్టుకుంది. "కూనలు వేలాడతాయి సార్. ఎదిగిన పిల్లిని మెడ పట్టుకుంటే హడలిపోతాది. ఇంకెప్పుడూ అట్ల చేయొద్దు."

నాయన ఇంటికొచ్చి పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, "నేను పట్టుకోకూడదంట తల్లీ, మరెట్ల?" అని దాన్నే అడిగారు. అమ్మ వినీ విననట్టు కుక్కరు పొయ్యి మీద పెట్టింది.

ఆ కుక్కరే విజిల్ వేసింది. పిల్లి అదిరిపడి, తూలే కాళ్ళతోనే ఎగబాకి, ముందుకాళ్ళ గోళ్ళన్నీ నాయన బనియన్లో దిగేసి, ఆయన మెడ కింద ముఖం దాచుకుంది. నాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఏం చేయాలో తెలియక రెండు చేతులూ పైకెత్తారు.

"మీరు చెయ్యి వేయొద్దు" అంది అమ్మ మెల్లగా. "కదలొద్దు. అదే పట్టుకోనుండాది."

నేను గిన్నె పట్టుకున్నాను. అమ్మ సిరంజి మొనను పెదవి పక్క నుంచి పెట్టి కొంచెం నొక్కింది. పిల్లి గుటక వేసింది. ఇంకొంచెం. మళ్ళీ గుటక.

అప్పట్నుంచి అదే పద్ధతి. నాయన చేతులెత్తి నిలబడతారు, పిల్లి వేలాడుతుంది, అమ్మ తినిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు చూస్తే ఇంట్లో దొంగలు పడ్డారనుకునేవాళ్ళు. గోళ్ళు దిగినప్పుడల్లా "పెరుమాళ్ళా!" అనేవారు గానీ నాయన చేతులు దించలేదు.

నేను ఎదురుచూసింది ఇంకొకటి. అమ్మ నోట ఒక మాట. వాదం గెలిచింది కదా, మా పిల్లే స్వయంగా గెలిపించింది కదా. అయినా అమ్మ అనలేదు. సిరంజి కడిగి బోర్లించేది, పిల్లి పొట్ట నిమిరేది, అంతే. ఊరుకున్నందుకు నాయనకు ఇంకా భయం వేసిందట. "అది పోతాదని మీ అమ్మకు తెలిసిపోయింది, అందుకే పోట్లాడటం లేదు" అన్నారు నాతో.

ఒక మధ్యాహ్నం నాయన పెరుగన్నం తింటూ ఉంటే పిల్లి కొంచెం తూలుతూనే వచ్చింది. విస్తరి అంచు వాసన చూసింది. ఒక మెతుకు నాకింది. తర్వాత తల వంచి తినసాగింది. నాయన అన్నం కలిపే చెయ్యి అలాగే గాల్లో ఆపేశారు. పిల్లి మూతి తుడుచుకుని కూర్చున్నాక అమ్మ కళ్ళు ఒత్తుకుంది.

"ఇప్పుడు చెప్పనా?" అంది.

"చెప్పు" అన్నారు నాయన.

"కోతి."

నాయన చాలాసేపు నవ్వారు. నవ్వి, "బనియన్ను పట్టుకునింది సరే. బనియను ఎవరిది? ఆడ నిలబడిందెవరు?" అన్నారు.

"ఆ బనియను ఉతికిందెవరు?" అంది అమ్మ.

ఆ వాదం ఇంకా నడుస్తోంది. జబ్బేమిటో మాత్రం డాక్టరమ్మకూ తెలియలేదు, నా పుస్తకాలకూ తెలియలేదు.

ఇలాంటి రాతల చివర సాయం చేసినవాళ్ళ పేర్లు వేయాలంటారు. పిల్లికే పేరు లేని ఇంట్లో పేర్లెందుకు? తెలియదని చెప్పిన డాక్టరమ్మకు, కుదరని సలహా అయినా మనసారా ఇచ్చిన పక్కింటి అత్తకు, గడువు దాటినా గొర్రెల పుస్తకం అడగని గ్రంథాలయ మేడమ్‌కు, వేళకు విజిల్ వేసిన కుక్కరుకు, ఒక్క మాట అన్ని రోజులు దాచుకున్న అమ్మకు నమస్కారం. నాయనకు వేరేగా చెప్పాలి. ఆ చిల్లుల బనియన్‌కు మాసిక వేస్తానంటే ఆయన ఇవ్వడం లేదు. పిల్లి ఒళ్ళోకి ఎక్కితే చాలు, ఇప్పటికీ అలవాటుగా రెండు చేతులూ పైకెత్తుతారు.