భయపడొద్దని చాటింపు

మా హైస్కూల్లో పిల్లల కవాతు దళం మొదలైనప్పుడు అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టినవి బూట్లు. చైనాతో యుద్ధం అయిన మరుసటి ఏడు అది. పై తరగతుల పిల్లలకు మిలిటరీ వాళ్ళు కవాతు నేర్పుతారని, క్రమశిక్షణ, పౌరధర్మం అలవాటు చేస్తారని ఉత్తర్వు వచ్చింది. దాని వెనకే లారీలో ఖాకీ నిక్కర్లు, చొక్కాలు, టోపీలు, బూట్లు దిగాయి. బూట్లన్నీ ఎదిగిన మగవాళ్ళ కొలతలవి.

నేను ఆ బడిలో గుమాస్తాను. చదువుకున్నది తక్కువ. చిన్నప్పుడు పత్తి మార్కెట్లో కాంటా పక్కన నిలబడి, తూకం వేసేవాళ్ళు రాగం తీసి పలికే అంకెలు వింటూ లెక్కలు పట్టుకున్నాను. ఏది చూసినా కొలవడం, భాగించడం అప్పటి అలవాటే. పిల్లల పాదాలన్నీ పుల్లతో కొలిచి బూట్లకు జత కలపాలని చూశాను. ఎటు సర్దినా సగం మందికి పైగా కుదరలేదు. చివరికి ముందు భాగంలో పత్తి కూరుకోమన్నాను. మా దగ్గర పత్తికి కరువు లేదు.

హెడ్మాస్టరు అది చూసి నవ్వాడు. "ఏమయ్యా, వీళ్ళ కాళ్ళు పెరిగేదాకా చైనావాడు ఆగుతాడంటావా?"

"చైనావాడు ఆగుతడో లేదో గాని సార్, బూటు మాత్రం కాలికి ఆగుతది" అన్నాను.

ఆయనది కోస్తా. రాష్ట్రం ఏర్పడ్డాక బదిలీ మీద మా హుస్నాబాద్ వైపు వచ్చాడు. మనసు మంచిది. బడి అంటే ప్రాణం. మా పల్లెల్లో ఖాకీ రంగు ఏం చేసి పోయిందో మాత్రం ఆయనకు తెలియదు. నిజాం కాలంలో ఒక తీరు ఖాకీ వచ్చింది. అది పోయిందని సంబరపడేలోగా ఇంకో తీరు ఖాకీ వచ్చి, కమ్యూనిస్టు సంఘపోళ్ళను వెతుకుతున్నామని ఊళ్ళ బయట క్యాంపులు వేసింది. మా చెల్లె పెనిమిటిని ఆ క్యాంపుకే తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు. అప్పటికి ఆమె కొడుకు చంటివాడు.

ఆ కొడుకే, నా మేనల్లుడు, పెరిగి మా ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. దళం మొదలయ్యాక ఖాకీ తొడగకుండానే, తెల్ల పైజామాతో వరుస చివర నిలబడేవాడు. కవాతు నేర్పడానికి వచ్చిన ఫౌజీ ఉస్తాద్ ఒకరోజు నాతో అన్నాడు: "అందరికన్న గీ పోరని కాలే మంచిగ లేస్తది. వీనికే వర్దీ లేదాయె. ఏంది కథ?"

కథ ఏమిటంటే, చెల్లె వద్దంది. అంగడి రోజున కూరగాయల గంపతో మా ఇంటికి వచ్చినప్పుడు పక్కింటి దండెం మీద ఆరుతున్న చొక్కా చూసి వాకిట్లోనే ఆగిపోయింది.

"గా బట్టలు ఎవలియే అన్నా?"

"బడి పిల్లలయి. కవాతు నేర్పుతున్నరు."

"మనోడు గూడ తొడుగుతుండా?"

"నువ్వు సరేనంటెనే."

గంప దించకుండానే చెప్పింది. "తొడిగిన్నాడు వానికి బడి బంద్. ఎవలింట్లనన్న జీతముంచుత, ఎడ్లెంబడి పోతడు. గా బట్ట మాత్రం కట్టనియ్య."

ఆమె మాట అంటే మాటే. పదో తరగతి అంచుకు వచ్చిన పిల్లవాడు పాలేరు కావడం నేను తట్టుకోలేను. దళంలో చేరితే సర్టిఫికెట్ వస్తుందని, దానితో ఏదో ఒక సర్కారు కొలువు దొరుకుతుందని నా ఆశ. వాడిది వేరే ఆశ. వాడికి వరుసలో అందరితో కలిసి కాలు లేపడమే ఇష్టం.

"దొంగతనంగ తొడుగ మామా" అన్నాడు. "అవ్వ ఒక్కసారి చూడాలె. చూసినంక అద్దంటే ఊకుంట."

అవకాశం తనంతట తానే వచ్చింది. పిల్లలను ఒక పల్లెకు నడిపించుకుపోయి అక్కడ ఏదైనా మంచి పని చేయించాలని హెడ్మాస్టరు అనుకున్నాడు. ఏ ఊరైతే పొద్దెక్కక ముందే పోయి, పని చేసి, ఎండ ముదిరేలోగా తిరిగి రావచ్చో చూడమన్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ దూరాలు నాకు కంఠతా వచ్చు. ఎటు లెక్క చూసినా మా చెల్లె ఊరే కుదిరింది. అక్కడ బడికి పోయే తొవ్వ గుంతలు పడి ఉంది. దాన్ని పూడ్చడం పని.

నేను ముందుగా పోయి చెల్లెకు చెప్తానన్నాను. అల్లుడు ఒప్పుకోలేదు. "చెప్తే అద్దంటది. చూస్తే అననియ్యి."

ఊరికి మాత్రం కబురు పంపాలి కదా. హెడ్మాస్టరు స్వయంగా కాగితం మీద నాలుగు ముక్కలు రాసి పటేలుకు పంపాడు. పొద్దుగూకే వేళ డప్పు కొట్టి చాటించాలని కోరాడు. 'రేపు ఉదయం మిలిటరీ శిక్షణ పొందే బడి పిల్లలు మీ ఊరు వస్తున్నారు. ఎవరూ భయపడొద్దు. అందరూ ఇళ్ళలోనే ఉండండి.' పంపే ముందు నాకు చదివి వినిపించాడు. అందులో నాకు లోపం కనబడలేదు.

తెల్లవారుతుండగా బయలుదేరాం. అల్లుడు ఆ ఒక్క రోజుకని ఖాకీ తొడిగాడు. ముందు ఉస్తాద్, వెనక పిల్లలు, చివర సైకిలు మీద పారలూ ఉడికించిన గుడాల మూటా కట్టుకుని నేను. జొన్న చేలు మనిషి ఎత్తున ఉన్నాయి. పత్తి కూరిన బూట్లు ఎర్రమట్టి మీద దబ్‌దబ్‌మని మోగుతుంటే పిల్లలు ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారు.

"నీ బూట్ల కోడి గుడ్లు పెడుతుందారా, గట్ల నడుస్తున్నవు?"

"నీ టోపీల పిల్లలు గూడ లేచినయి, సూస్కో!"

ఊరు దగ్గరపడ్డాక నవ్వులు ఆగాయి. ఊళ్ళో మనిషి లేడు. తలుపులకు గొలుసులు. కోళ్ళ మీద గంపలు బోర్లించి ఉన్నాయి. ఒక ఇంటి ముందు పొయ్యి మీద జొన్న గట్క ఉడికి అంచు దాటి పొంగుతోంది. దించేవాళ్ళు లేరు. గుంజకు కట్టిన లేగ మమ్మల్ని చూసి అరిచింది. పిల్లలు ఉస్తాద్ వైపు చూశారు, ఉస్తాద్ నా వైపు చూశాడు. జొన్న చేలల్లో గాలి లేకుండానే అక్కడక్కడా ఆకు కదులుతోంది.

మా చెల్లె ఇంటి తలుపు ఒక్కటే తెరిచి ఉంది. ఆమె గడప మీద కూర్చుంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, నేల చూస్తూ. అల్లుడు వరుస విడిచి ముందుకు నడిచాడు. చక్కగా, ఉస్తాద్ నేర్పినట్టు. ఆమె ముందు ఆగి మడమలు కలిపాడు.

ఆమె తల ఎత్తలేదు. వాడి బూట్లకేసి చూస్తూనే రెండు చేతులూ జోడించింది.

"ఇంట్ల మొగోళ్లు లేరు, నీ బాంచెన్. ఉన్నొక్కన్ని గప్పుడే తీస్కపోతిరి గద. ఇంకెవలున్నరని అచ్చిన్రు?"

నా చేతిలో సైకిలు పట్టు జారి పారలు కింద పడ్డాయి. ఆ చప్పుడుకు అల్లుడు టోపీ తీసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అవ్వా, నేనే. అవ్వా, నన్ను సూడు."

చాలాసేపు చూసింది. వాడి జుట్టులో చెయ్యి పెట్టి వెనక్కి తోసి, నొసలు చూసి, అప్పుడు నమ్మింది. ఏడవలేదు. వాడి కాలు లాగి బూటు ఊడదీసింది. పత్తి ఉండ ఒకటి కింద పడింది. దాని మీద నెత్తురు మరక.

"పాపం, పసి కాళ్ళు. గింత పెద్ద బూట్లు ఎవలియిరా?"

"బడియి అవ్వా. పెద్దయే అచ్చినయి."

"మరి సెప్పకపోతివి" అంటూ లోపలికి పోయి నూనె గిన్నె తెచ్చింది.

పిల్లలు గుంతలు పూడ్చారు. పని పూర్తి చేసి మేం పొలిమేర దాటాక వెనక్కి చూస్తే, చేలలోంచి ఒక్కొక్కరే లేచి ఊళ్ళోకి పోతున్నారు. ఒళ్ళో చంటిపిల్లలతో ఆడవాళ్ళు, సద్ది మూటలతో ముసలివాళ్ళు.

మళ్ళీ అంగడి రోజున చెల్లెను అడిగాను. డప్పు కొట్టి చెప్పించాం కదా, బడి పిల్లలని కూడా అన్నాం కదా, అయినా ఎందుకు ఉరికారని.

"గప్పుడు గూడ గట్లనే సాటిచ్చిన్రు అన్నా. ఎవలు భయపడొద్దు, అందరు ఇండ్లల్లనే ఉండాలె అని. నమ్మి ఉన్నోళ్లనే తీస్కపోయిన్రు. నేను పోరన్ని ఎత్తుకోని జొన్నల్ల వడ్డ. ఆయన నమ్మి ఇంట్లుండె."

ఆ రోజుల్లో నేను ఇంకా పట్నంలో కాంటా దగ్గరే ఉన్నాను. మనిషి పోయాడని విన్నాను గాని ఏ మాటతో పోయాడో వినలేదు.

"మరి గీసారి నువ్వెందుకు ఉరకలే?"

"ఉరికి ఏం దక్కిచ్చుకున్న?" అంది.

హెడ్మాస్టరుకు ఈ మాట చెప్పినప్పుడు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి పోయాడు. "నేను మంచికే రాశానయ్యా" అన్నాడు. తెలుసు సార్ అన్నాను. ఆ తరువాత ఏ పల్లెకు పోయినా ముందు రోజు ఖాకీ లేకుండా నలుగురు పిల్లలు పోయి, ఇంటింటికీ నోటితో చెప్పి వచ్చేవారు. డప్పు మానేశాం.

అల్లుడి సంగతి చెల్లె ఆ అంగడి రోజే తేల్చింది. ఎడ్లెంబడి పంపనంది. "తొడుగనియ్యి. వానికి కాలు మంచిగ లేస్తదంట గద. కని గా అంగితోని నా ఊళ్లెకు రావద్దు."

ఇప్పుడు వాడు నిజంగానే ఫౌజులో ఉన్నాడు. సెలవు మీద వచ్చినప్పుడు బస్సు దిగి, ఊరి బయట మోటబావి చాటున చొక్కా మార్చుకుని, అప్పుడు ఊళ్ళోకి నడుస్తాడు. వాకిట్లోకి రాకముందే "అవ్వా, నేనే" అని కేక వేస్తాడు. పోయిన ఎండాకాలం నేనూ అక్కడే ఉన్నాను. ఇన్నేళ్ళయింది, ఇంకా ఎందుకమ్మా ఈ నియమం, వాడు నీ కొడుకే కదా అన్నాను.

"వాడు నా కొడుకని నాకెరుకే అన్నా" అంది. "గా బట్ట కనవడితే నా కాళ్లు నన్ను అడుగకుంటనే జొన్నల దిక్కు లేస్తయి."

అంటూనే వాడి కేక విని లేచి, కాళ్ళకు నీళ్ళు ఇవ్వడానికి చెంబు అందుకుంది.