కలాయి బిడ్డ కన్ను

చదువుకున్నోనికి తెలివి ఉంటదని ఎవరన్నరో గానీ, ఆ అన్న మనిషి బుచ్చన్న సేటు ఫ్యాక్టరీల అరుణ్ సారును చూసి ఉండడు.

ఆ ఫ్యాక్టరీ గద్వాల ఊరవతల ఉండేది. పత్తి విత్తనాల ప్యాకెట్లకు వాడే ప్లాస్టిక్ ఫిలిం అక్కడ రోల్లు రోల్లుగా తయారయ్యేది. ప్యాకెట్ తళతళ మెరువకుంటే రైతు చేతుల పట్టుకోడు, లోపల బంగారం పోసినా సరే. అందుకే ఫిలిం మెరుపు చూసి, మంచిది ఇటు, మొద్దుది అటు అని చెప్పే మనిషి ఒకరు కావాలె. ఆ మనిషే మెహబూబీ. తొమ్మిదేండ్లు కిటికీ కాడ స్టూలు మీద కూసుని అదే పని చేసింది. ఆమె సరే అన్న రోలు ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆమెది వనపర్తి. నాయిన రాగి, ఇత్తడి గిన్నెలకు తగరం కలాయి పోసేటోడు. రెండో తరగతి కాడ బడి మాన్పించి కొలిమి తిత్తి కొట్టుడుకు కూసోబెట్టిండు. కలాయి పోసినంక గిన్నెను దీపానికి ఏటవాలుగా తిప్పి, "బేటీ, దీపం అంచు ఎట్లుంది?" అని అడిగేటోడు. అంచు దారం లెక్క సన్నగా కనబడితే గిన్నె గిరాకీ ఇంటికి పోయేది. దూది పట్టినట్టు కనబడితే మళ్ళ పొయ్యి మీదికే. పదేండ్లు నిండకముందే ఆ పిల్ల కన్ను తప్పు చెప్పుడు మానేసింది. పెండ్లయి గద్వాలకొచ్చింది. సైకిళ్ళు బాగుచేసే పెనిమిటి మునవ్వర్ పోయినంక ఫ్యాక్టరీల చేరింది. ఫిలిం తునక కోసి, నల్లటి పలక మీద ముడత లేకుండ పరిచి, అందుల ట్యూబులైటు అంచు చూసేది. గిన్నె అయితేంది, ప్లాస్టిక్ అయితేంది, మెరుపుకు కులం ఉంటదా?

ఇగ అరుణ్ సారు. పట్నంల డిప్లొమా చేసిండట. చేసినట్టు అంగీ జేబుకు మూడు పెన్నులే సాక్ష్యం. ఆయనతోటి సబ్బుపెట్టెంత మిషన్ ఒకటి వచ్చింది. ఫిలిం మీద పెడితే అది ఏటవాలుగా వెలుగు కొట్టి, తిరిగొచ్చిన వెలుగును పట్టి, అంకె చూపెడతది. అరవై దాటితే పాసు. దానికి జోడుగా నల్లటి అద్దం బిళ్ళ ఒకటి ఉంటది. బిళ్ళ మెరుపు ఎంతో దాని వెనుకనే రాసి ఉంటది. పొద్దుగాల మిషన్‌ను ఆ బిళ్ళ మీద పెట్టి, అంకెను దానికి సరిచేసినంకనే పని మొదలు. మిషన్‌కు బిళ్ళే గురువన్నట్టు.

"కండ్లతోటి చూసుడు పాతకాలం ముచ్చట, మెహబూబమ్మా," అన్నడు మొదటి దినమే.

"అట్లనా సారూ! మరి పిల్లను చూడబోతే గీ మిషనే తీస్కపోతవా?" అన్నది మెహబూబీ. కటింగు కాడున్న రాధమ్మ నవ్వి నవ్వి కత్తెర కిందేసుకున్నది.

ఉన్నమాట చెప్పాలె. మూడు నెలలు మిషన్ చెప్పిందీ, మెహబూబీ చెప్పిందీ ఒక్కతీరుగనే ఉన్నది. మిషన్‌కు తెలివున్నదని మెహబూబీ కూడా ఒప్పుకున్నది. పట్టుకున్న చేతి మీదనే అనుమానం.

దసరా వచ్చింది. ఆయుధపూజని అన్ని మిషన్లకు పసుపు కుంకుమ పెట్టిండ్రు. అరుణ్ సారు భక్తి ఎక్కువై, నూనెల కలిపిన కుంకుమ సబ్బుపెట్టెకు పెట్టిండు, నల్లబిళ్ళకు మెత్తిండు. మెహబూబీ కూడా అందరితోటి కొబ్బరి ముక్క తిన్నది. పండుగ పండుగే, అందుల తప్పేముంది?

పండుగైన పదిహేను దినాలకు మూడు రోల్లు మొద్దుగా దిగినయి. ట్యూబులైటు అంచు గొంగళిపురుగు లెక్క కనబడుతున్నది. మెహబూబీ మూడింటి మీద సుద్దతోటి అడ్డగీతలు కొట్టింది. అరుణ్ సారు మిషన్ పెట్టి, "డెబ్బై రెండు!" అని పెండ్లికొడుకు లెక్క సేటు దిక్కు చూసిండు.

బుచ్చన్న సేటుకు అంకె కనబడితే చాలు, ఇంకేదీ కనబడదు. "కండ్లు మసకలొచ్చినయి మెహబూబీ నీకు. రేపటికెల్లి చిత్తు ఏరుడు కాడికి పో. రోల్లు సాయంత్రం లారీకి ఎక్కియ్యాలె."

చిత్తు ఏరుడంటే కోసిపడేసిన ముక్కలు గోనెసంచిల నింపుడు. పనికి సిగ్గుపడే మనిషి కాదు మెహబూబీ. కానీ కండ్లు మసకలన్న మాట కాడ ఆమె కడుపు మండింది. నాయిన ఇచ్చిన ఆస్తి ఆ కండ్లొక్కటే మరి.

"పోత సేటూ. పోయేముందు ఒక్క తునక కొలిపియ్యి," అన్నది.

పోయిన ఏడు విత్తనాల కంపెనీవాళ్ళు, 'గిట్లాంటి ఫిలిం కావాలె' అని ఒక తునక సంతకం పెట్టి ఇచ్చిండ్రు. అది కాయితం లిఫాఫల పెట్టి, ఇనుప బీరువాల ఉన్నది. తునక మీద వాళ్ళ చేతిరాత: అరవై ఆరు. మెహబూబీ దాన్ని తెప్పించి పలక మీద పరిచింది.

"పెట్టు సారూ నీ మిషన్."

పెట్టిండు. ఎనభై ఒకటి.

మళ్ళ పెట్టిండు. ఎనభై.

"ఓహో! బీరువాల పండుకున్న తునక ఏడాదికే పదిహేను అంకెల మెరుపెక్కిందా? అట్లయితే నన్ను కూడా బీరువాల పెట్టుండ్రి సారూ, పెండ్లికూతురునై బయటికొస్త."

అరుణ్ సారు మూడు పెన్నులు సదురుకున్నడు. మెహబూబీ నల్లబిళ్ళను తీసి ట్యూబులైటు కింద ఏటవాలుగా తిప్పింది. బిళ్ళ నిండ సన్నని గీతలు, పిల్లి గోకినట్టు.

"దీన్ని ఏం చేసినవు?"

ఆయన నోరు తెరువకముందే రాధమ్మ అందుకున్నది. "పండుగైన తెల్లారి గిన్నెలు తోమే పొడి, కొబ్బరిపీచు నా తాన అడుక్కపోయినవు గద సారూ! కుంకుమ పోతలేదంటివి?"

మెహబూబీ నెత్తి కొట్టుకున్నది. "కుంకుమ పెడితివి, నీ భక్తి. మెత్తటి గుడ్డతోటి తుడిస్తే అయిపోతుండె గద! కలాయి గిన్నెను పీచేసి తోమొద్దని మా గల్లీల పాలుదాగే పోరనికి ఎరుక. గురువే గుడ్డిదైతే శిష్యునికి అన్నీ మెరుపులే కనబడతయి. మొద్దు బిళ్ళను మెరిసేదని చెప్పి అంకె సరిచేస్తివి, ఇగ మొద్దు ఫిలిం కూడా డెబ్బై దాటకుండ ఏంజేస్తది?"

సేటు మొఖం ఆముదం తాగినట్టయింది. "రోల్లు ఆపుండ్రి," అని మాత్రం అన్నడు. తప్పయిందని అంటే నోట్లకెల్లి ముత్యాలు రాలిపోతయేమో!

మెహబూబీ గోనెసంచి పట్టుకొని చిత్తు కాడికే నడిచింది.

"ఎటు పోతున్నవు? నీ స్టూలు కాడ కూసో," అన్నడు సేటు.

"మసక కండ్లకు కిటికీ ఎందుకు సేటూ?" అని చిత్తు ముక్కలు ఏరుకుంట కూసుంది.

ఒక గంట గడిచింది. నాలుగో రోలు దిగింది. మిషన్‌ను ఎవడు నమ్మాలె? పట్నంకెల్లి కొత్త బిళ్ళ రావాలంటే పదిదినాలు. సేటు వచ్చి ఆమె ముందు నిలబడ్డడు. నేలదిక్కు చూసుకుంట, "నీ కండ్లు మంచిగనే ఉన్నయి లే," అన్నడు.

"గా మాట అందరు వినేటట్టు చెప్పు సేటూ."

చెప్పిండు. చెప్పక చస్తడా?

సేటు ఆమెను చిత్తు కాడికి పొమ్మన్నప్పుడే మూలకు నెట్టేసిన స్టూలును అరుణ్ సారు తానే మోసుకొచ్చి కిటికీ కాడ పెట్టిండు. మూలనున్న దుమ్మంత దాని మీదనే.

మెహబూబీ కొంగు దులుపుకొని లేచింది. స్టూలు దిక్కు చూసింది, సారు దిక్కు చూసింది.

"తుడువు బిడ్డా. పీచుతోటి మాత్రం కాదు."