గోడమూలకు వంగిన నీటిమొక్కలు

దయ్యాలంటే నాకు నవ్వు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయి చీకట్లో నడిచినవాణ్ణి, నన్ను ఏ దయ్యం భయపెడుతుంది? సరే, ముందే ఒప్పుకుంటాను. బాయిలోకి నేను దిగింది రెండుసార్లే. నా కొలువు పైన లాంపు రూములో. దిగేవాళ్లకు టోపీ లాంపులివ్వడం, ఎక్కి వచ్చాక తీసుకుని చార్జింగ్ పెట్టడం. వెలుతురు గురించి నాకు తెలియనిది లేదని మాత్రం నిజంగానే అనుకునేవాణ్ణి.

ఎనభైల్లో కొత్తగూడెం దగ్గర క్వార్టర్‌లో ఉండేవాళ్లం. పిల్లలు లేరు. నా భార్య భద్రమ్మ గాజుతొట్టిలో చేపలు పెంచేది. చేపలకన్నా మొక్కల మీదే ఆమెకు ప్రాణం. కిన్నెరసాని వాగులోంచి రిబ్బన్లలాంటి పొడవాటి ఆకుల మొక్కలు తెచ్చి, తొట్టిలో ఇసుక పోసి నాటింది.

జబ్బుపడి ఆరు నెలలు గోడమూల మంచం మీదే ఉంది. అక్కణ్ణుంచి తొట్టినే చూసేది. చివరికి నన్నడిగింది ఒక్కటే: "మొక్కల్ని సావనియ్యకయ్యా."

ఆమె ఉన్నన్నాళ్లు పగలంతా కిటికీ తీసి ఉండేది. పోయాక నేను అన్నీ మూసి, తాళం వేసి డ్యూటీకి పోయేవాణ్ణి. ఆకులు పసుపెక్కాయి. ఖమ్మంలో కరెంటు సామాన్ల దుకాణానికి పోయి, చేపల తొట్టికి రెండు వందల వాట్ల బల్బు కావాలన్నాను.

దుకాణదారు నవ్వాడు. "పులుసు పెడ్తవా ఏందన్నా? తెల్ల ట్యూబులైటు కొనుక్కపో. వేడి తక్కువ, మొక్కలకు మంచిది."

లాంపు రూము వాడికి ఇతను చెప్పేదేంటని బల్బే తెచ్చాను. వారంలో నీళ్లు వేడెక్కి ఇరవై చేపలు చచ్చిపోయాయి. ఇరవై కాదు, మూడు. ఉన్నవే మూడు.

మళ్లీ పోయి ట్యూబులైటు తెచ్చుకున్నాను. తొట్టికి ఎడమపక్కన నిలువుగా కట్టాను. మొక్కలు వెలుగువైపు వంగుతాయని అందరికీ తెలుసు. ఇవి కుడివైపు వంగాయి, ఖాళీ మంచం ఉన్న మూలకు. అక్కడ కిటికీ లేదు, దీపం లేదు. తొట్టిని తిప్పి పెట్టాను. ఎనిమిది రోజుల్లో మళ్లీ అటే.

నాతో పనిచేసే ఈరయ్యను పిలిచి చూపించాను.

"ఏందిరా ఇది? వెలుగు ఇటుంటే ఇవి గట్ల వంగినయేంది?" అన్నాడు. పెట్టిన చాయ్ తాగకుండానే పోయాడు.

తర్వాత ఎందరికో ఈ సంగతి చెప్పాను. చెప్పినప్పుడల్లా మంచం మీద గాజుల చప్పుడు, నీళ్లలో ఆమె ముఖం కలిపేవాణ్ణి. అవన్నీ నేను అల్లినవే. ఒక్క గాజూ మోగలేదు. మోగితే బాగుండునని ఎన్నో సాయంత్రాలు ఆ మంచం పక్కన కూర్చున్నాను. ఆకులు వంగడం మాత్రం నిజం.

వెలుగుకు దూరంగా వంగిన ఆకుల చివర్లు కుళ్లసాగాయి. ఇక లాభం లేదని ట్యూబులైటు విప్పి మంచం వైపే కట్టాను. నెలలో కొత్త ఆకులు వచ్చాయి, పచ్చగా, అటే వంగి. ఇప్పుడు చూసేవాళ్లకు వింతేమీ లేదు. వెలుగువైపే కదా వంగాయి!

దీపాన్ని మళ్లీ ఎడమకు మార్చి చూడరా, సంగతి తేలిపోతుందని ఈరయ్య చాలాసార్లు అన్నాడు. ముందు ఎందుకలా వంగాయో నాకు ఇప్పటికీ తెలియదు. అయినా నేను మార్చలేదు. ఈసారి అవి దీపం వెంట వచ్చేస్తే, ఆ ఇంట్లో నేనొక్కణ్ణేనని తేలిపోయేది.