ఫస్ట్ బ్యాచ్‌ల కూసో

ఆకలికి నేను జీవితంలో ఒకే ఒక్కసారి ఏడ్చాను. అదీ మెడలో బంతిపూల దండతో, ఎల్బీనగర్ చౌరస్తాలో, జనం చప్పట్లు కొడుతుండగా. ఆ ఘనకార్యం చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు, మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. నాకేమో కండల పిచ్చి. దిల్‌సుఖ్‌నగర్‌లో టైర్ల దుకాణం పైనున్న జిమ్‌లో చేరి, మిలిటరీ కటింగ్ కొట్టించుకుని, మొదటి బాడీబిల్డింగ్ పోటీలో అందరికంటే చివర వచ్చాను. జడ్జి నన్ను వెనక్కి తిరగమన్నాడు. తిరిగాను. కాసేపు చూసి, "తిరగమన్నానుగా" అన్నాడు.

మా కోచ్ ప్రసాద్ మాస్టారిది తెనాలి. ఆయన తల పట్టుకున్నారు.

"ఒరేయ్, వచ్చే పోటీ దాకా రెండు గంటలకోసారి తిను. కడుపు మాడ్చావంటే ఉన్న కాస్త కండా కరిగిపోతుంది. పేర్లు పంపే ముందు కాటా ఎక్కిస్తా. నేను చెప్పిన బరువుంటేనే నీ పేరు పంపుతా."

నెలల తరబడి తిన్నాను. గుడ్లలో తెల్లసొన నాకు, పచ్చసొన మా అమ్మకు. "నువ్వు పోటీకి పోయేలోపు నేను పహిల్వాన్ అయితనేమో" అని ఆమె గొణిగేది. భుజాలు వచ్చాయి, వీపు వచ్చింది. కాటా ముల్లు మాత్రం మాస్టారు చెప్పిన గీతకు కాస్త ఇవతలే మొండికేసింది. ఆదివారం పొద్దున్నే తూకం.

శుక్రవారం మా కాలనీ కమిటీ అంజన్న ఫోన్ చేశాడు. వెనక డప్పుల మోత.

"తమ్మీ, రేపు చౌరస్తల మన ప్రోగ్రాం ఉన్నది. పొద్దుగాలనే రా. ఫస్ట్ బ్యాచ్‌ల నువ్వే కూసోవాలె."

ఫస్ట్ బ్యాచ్. మన దావత్‌లలో ఆ మాటకున్న విలువ మీకు చెప్పాలా? మంచి ముక్కలూ, వేడి బగారన్నమూ, మూలుగు నిండిన నల్లి బొక్కలూ దానివే. చివరి బ్యాచ్‌కి మిగిలేది ముక్కల్లేని నీళ్ల షేర్వా. పైగా కిందటి వారమే అదే చౌరస్తాలో వంటా వార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండి, అందరికీ వడ్డించే నిరసన అది. అక్కడ నేను తిన్న తిండి అంజన్న కళ్ళారా చూశాడు. మెచ్చే పిలుస్తున్నాడనుకున్నాను.

"ఎంతసేపైన కూసుంట అన్నా" అన్నాను.

"శభాష్. గట్లుండాలె" అన్నాడు.

శనివారం పొద్దున కడుపులో జాగా ఉండాలని గుడ్లు మానేశాను. మిగిలింది ఇంటికి తెచ్చుకుందామని పెద్ద టిఫిన్ క్యారియర్ కూడా పట్టుకెళ్ళాను. ఇంత తెలివి ఎవరికుంటుంది చెప్పండి.

టెంట్‌లో పరుపు మీద కూర్చోబెట్టారు. బొట్టు పెట్టారు, దండ వేశారు. ఆహా, తిండికి పిలిచి ఇంత మర్యాదా అనుకున్నాను. పొయ్యి ఎక్కడా కనిపించలేదు. పక్కనే రిటైరైన టీచర్ నర్సింహ సార్ కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

"సార్, వడ్డన ఎప్పుడు?"

"ఏం వడ్డన?"

"అదే సార్, తిండి."

"రేపు పొద్దుగాల. నిమ్మరసం ఇస్తరు" అన్నారు కళ్ళు తెరవకుండానే.

అప్పుడు తలెత్తి బ్యానర్ చూశాను. రిలే నిరాహార దీక్ష. మొదటి రోజు, మొదటి బ్యాచ్.

అంజన్న నా క్యారియర్ చూసి, "గిదేంది?" అన్నాడు.

"ఖాళీదే అన్నా."

"ఖాళీదైతే గీడికెందుకు తెచ్చినవ్‌రా?"

క్యారియర్‌ని వీపు వెనక్కి నెట్టుకున్నాను. అంతలో ఫొటోగ్రాఫర్ ఇంకో గొడవ మొదలుపెట్టాడు. "అన్నా, గీనెను జర ఎన్కకు జరుపుర్రి. గా భుజాలు చూస్తే ఎవడన్న నిరాహారమంటడా?" నన్ను టెంటు గుంజ పక్కకు తోశారు. పస్తుకు పస్తు, పైగా అవమానం.

మధ్యాహ్నం సంగతి తెలిసి మాస్టారు ఉడకబెట్టిన గుడ్ల డబ్బాతో పరుగున వచ్చారు. టెంట్‌లో ఆయన ఆంధ్రా యాస వినగానే అందరి తలలూ అటే తిరిగాయి.

"వీడు తినాలండీ. రేపు తూకం. వీడి కండంతా కరిగిపోతుంది."

అంజన్న లేచాడు. "మాస్టారూ, మా దీక్ష చెడగొట్టనీకి ఒచ్చిర్రా?"

"మీ రాష్ట్రం మీరు తీసుకోండి బాబూ, నా కుర్రాణ్ణి నాకిచ్చేయండి చాలు."

నేను దండ తీయబోయాను. సరిగ్గా అప్పుడే మా అమ్మ, వెనకాల కాలనీ ఆడవాళ్ళంతా వచ్చారు. అమ్మ నన్ను చూసి కళ్ళు ఒత్తుకుంది. "నా కొడుకు ఇంత మంచోడని నాకే ఎరుక లేకపాయె" అంది. నా జన్మలో ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయాను. దండ సర్దుకుని కూర్చున్నాను. ఎదురుగా బండి మీద మిర్చి బజ్జీలు వేగుతున్నాయి. కన్నీళ్ళు వాటంతటవే వచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు.

ఆదివారం నిమ్మరసం తాగి, తూలుకుంటూ జిమ్‌కి వెళ్ళి కాటా ఎక్కాను. ముల్లు ఇంకా ఇవతలికి వచ్చింది. మాస్టారు పేర్ల కాగితం మడిచి జేబులో పెట్టుకుని పేపర్ తీశారు. లోపలి పేజీలో మా టెంటు ఫొటో. ముందు నర్సింహ సార్, వెనక గుంజ పక్కన నా కటింగూ నా భుజాలూ. నా దండ సార్ తల వెనక దాక్కుంది. కింద ఇలా రాసి ఉంది: "దీక్షలో ఉపాధ్యాయుడు. వెనక మఫ్టీలో బందోబస్తు పోలీసు."

రోజంతా మాడింది నేను. పేపర్ నన్ను పోలీసుని చేసింది.

మాస్టారు ఆ లైను రెండోసారి చదివి, జేబులోంచి కాగితం తీసి నా పేరు రాశారు.

"అదేంటి మాస్టారూ, బరువు లేదుగా?"

"పస్తులతో కూర్చున్నవాణ్ణి పట్టుకుని పోలీసన్నారంటే ఒళ్ళు వచ్చినట్టేరా. ఈ జిల్లాలో ఆ పేపరువాడికంటే పెద్ద జడ్జి ఎవడు?"

ఆనాడే ఆ కాటా మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసుకున్నాను, ఇవాళ్టికీ తప్పలేదు. పెళ్ళయినా, పేరంటమైనా, ఎవరెంత ప్రేమగా "ఫస్ట్ బ్యాచ్‌ల కూసో" అన్నా సరే, వంటలు చేసే చోటికి వెళ్ళి, గుండిగ మూత తీసి, లోపల కూర ఉందని కళ్ళారా చూసుకున్నాకే కూర్చుంటాను.