ఆరింజిన్ల చిప్, మా అక్క

గత ఆదివారం పొద్దున మద్రాసు పెరంబూరు నుంచి ఫోన్. "అక్క పోయింది. నిద్రలోనే" అని ఆమె చెల్లెలు చెప్పింది. ఆ అక్క నా మొదటి ఉద్యోగంలో టీమ్ లీడర్. చేరిన రోజు మేడమ్ అని పిలిస్తే, "ఈడ మేడమ్ ఎవురూ లేరు. అక్కా అను, సాలు" అంది. తరాలుగా మద్రాసులోనే ఉన్న తెలుగింటి మనిషి. బెజవాడ నుంచి వచ్చిన నా తెలుగు రేడియో వార్తల్లా ఉందని నవ్వేది.

తొంభైల చివర సంగతి. చింతాద్రిపేటలో ఒక మేడ మీద చిన్న కంపెనీ. నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసేవాళ్లం. వాటిలోని చిప్‌లు అప్పటిదాకా పుట్టుకతో వచ్చిన పనే చేసేవి. కొత్త పని కావాలంటే కొత్త చిప్ రావాల్సిందే. అక్క పట్టుబట్టి, మనమే ప్రోగ్రామ్ రాసుకోగల చిప్ తెప్పించింది. అందులో ఆరు చిన్న ఇంజిన్లు. ఏం రాస్తే అది చేస్తాయి. ఎంత డేటా రద్దీలోనైనా ఫోన్ మాటలు ఆగకుండా ముందు వెళ్లేలా చేయాలి మేము.

కొనేవాళ్లు రావడానికి రెండు రోజుల ముందు పరీక్షించాం. ఈ గదిలో నేను ఫోన్‌లో తెలుగు నెలలు చదివాను. అవతలి గదిలో అక్షరాలు తారుమారై వినిపించాయి. మేనేజర్ అందరినీ పిలిచి, మాటలు పంపే భాగం ఎవరు రాశారని అడిగాడు. రాసింది నేను. లేవబోతుంటే అక్క నా భుజం మీద చెయ్యి వేసింది.

"నేను చూసి సరే అన్నాను సార్. తప్పు నాది."

బయటికొచ్చి ఏడ్చాను. అక్క తిట్టలేదు. డబ్బా తెరిచి తన చిత్రాన్నంలో సగం నాకు పెట్టింది.

"ముందు తిను మే. కడుపు కాలతా ఉంటే తప్పు కండ్లకి ఆనదు."

తర్వాత ఆఫీసులో ఆరుగురిని వరండాలో నిలబెట్టి, అంకెలు వేసిన కాగితాలు పంచింది. ఎవరిది వాళ్లు నాలుగు మడతలు పెట్టి నా చేతికివ్వాలి. రెండో కాగితం పట్టుకున్న అకౌంటెంటు గారు అంచులు కలిపి శ్రద్ధగా మడుస్తున్నారు. ఆలోగా నాలుగోది వచ్చేసింది. అందరం నవ్వాం. నాకు అర్థమైంది.

"ఆరుమంది చేస్తే పని తొందరగా అవతాది. వరస మాత్రం ఒకరు సూడాల. అదే నువ్వు రాయలా. పో, రాయి."

ఫోన్ మాట ముక్కలుగానే ప్రయాణిస్తుంది. ఆ ముక్కలు చిప్ లోపలికి రాగానే అంకె వేసి, ఆ వరసలోనే బయటికి వదిలేలా రాశాను. చిప్ అదే, ప్రోగ్రామ్ మారింది. కొనేవాళ్ల ముందు చైత్రం నుంచి ఫాల్గుణం దాకా ఒక్క అక్షరం చెదరలేదు. మేనేజర్ మెచ్చుకోబోతే అక్క నన్ను చూపించి, "రాసింది ఆ పిల్ల" అంది. ఇప్పుడు నా కింద కొందరు పనిచేస్తున్నారు. తప్పు తన మీద వేసుకుని మెప్పు ఇంకొకరికి ఇవ్వడం ఎంత కష్టమో తెలిసింది.

కొనేవాళ్లు వచ్చి వెళ్లిన ఆ సాయంత్రం ఆమెను రైలెక్కించడానికి స్టేషన్‌కు వెళ్లాను. ఆ చిప్‌తో ఇంకా ఏమేం చేయొచ్చో దారంతా చెబుతూనే ఉంది. ఆడవాళ్ల పెట్టె ఎక్కి, కిటికీ దగ్గర చేరి, ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. రైలు రొదలో ఒక్క మాటా వినపడలేదు. అర్థమైనట్టు తలూపాను. రైలు కదిలింది. కమ్మీల్లోంచి చాచిన ఆమె చెయ్యి, నా కోసం, గాలిలో ఇంకా ఏదో బొమ్మ గీస్తూనే ఉంది.