నీడల దేశపు దొరసాని

ఆ దేశంలో సంపద అంటే నీడ. కువైట్‌లో, సాల్మియా ఎండలో బడి బస్సు కోసం నిలబడి ఆ కథ అల్లుకునే ఇద్దరు ఆడపిల్లలకు అంతకన్నా గొప్ప సంపద తట్టలేదు. పెద్ద రాజులకు కొండల నీడలుండేవి. మా దొరసానిది చిన్న సంస్థానం. ఏడు మొండిగోడల నీడ, ఒక పాత బురుజు నీడ, అంతే. భర్త మంచివాడే గానీ ఎవరు వచ్చి బతిమాలినా ఒక గోడ రాసిచ్చేసేవాడు. అత్తగారు పొద్దున్నే లేచి తన వాటా నీడ ఎంతవరకు వచ్చిందో సుద్దముక్కతో గీసుకునేది. పొరుగు దొర తన ప్రహరీ ఎత్తు పెంచి వీళ్ల బురుజు నీడను మింగేస్తున్నాడన్న తగువుతోనే ఒక నోటుబుక్కు నిండిపోయింది.

కథ నేను రాసేదాన్ని. కోటకు దారులు, కాపలా చోట్లు అక్క గీసేది. నాకు పదేళ్లు, అక్కకు పదమూడు. ఈ కథ సంగతి పెద్దవాళ్లకు చెప్పకూడదని ఒట్టు పెట్టించింది అక్కే. తనూ పెట్టుకుంది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. కువైట్ సిటీలో నాయన పనిచేసే ఆఫీసు మూతబడింది. అమ్మ రొట్టెల కోసం తెల్లారకముందే వెళ్లి వరుసలో నిలబడేది. మేము కిటికీ తెరలు వేసుకుని రాసుకుంటూనే ఉన్నాం.

మా కింది అంతస్తులో ఇంటి యజమానురాలుండేది. ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం. ఆమె భర్త కువైట్ సైన్యంలో అధికారి. దాడి మొదలైన రోజు వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఆమె పైకి వచ్చి వంటింట్లో అమ్మానాయనలతో గొంతు తగ్గించి మాట్లాడి వెళ్లేది.

కొన్ని వారాలకు మేమూ బయలుదేరాం. బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు బస్సు. మనిషికి ఒక్క సంచి. నాకు బట్టలు వద్దు, నోటుబుక్కులే కావాలని పట్టుబట్టాను.

"నీ బుక్కులు నేనే సర్దినా తల్లీ," అన్నాడు నాయన. "బొంబాయి చేరేదాకా తెరవొద్దు. యాడన్నా ఒక కాగితం జారిపోతే మళ్లీ దొరకదు."

అమ్మ సంచి జిప్పుకు తాడు కట్టింది. అక్క నా వైపు చూడలేదు. ఇల్లు వదలాలన్న దిగులేమో అనుకున్నాను.

ఆ సంచిని ఒడిలోంచి దించలేదు. దాని మీదే తల పెట్టుకుని నిద్రపోయాను. బస్రా దాటాక ఒక తనిఖీ చోట సైనికుడు బస్సెక్కి అందరి సంచులూ విప్పించాడు. నాయన చేతిలోని సంచి లాక్కుని కింద బోర్లించాడు. నా దగ్గరికొచ్చి ఇందులో ఏముందని అరబీలో అడిగాడు.

"ఖిస్సా," అన్నాను. కథ అని.

"ఎవరి కథ?"

బడిలో నేర్చిన అరబీతో దొరసాని గురించి చెప్పాను. నీడను దొంగిలించే పొరుగువాడి గురించి కూడా చెప్పాను. అతను చివరిదాకా విన్నాడు.

"గెలిచేది ఎవరు?" అని అడిగాడు.

"ఇంకా రాయలేదు."

నవ్వి నా తల నిమిరి దిగిపోయాడు. నాయన చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. ఎండకనుకున్నాను.

జోర్డాన్ సరిహద్దులో గుడారాల్లో రోజులు గడిపి అమ్మాన్ చేరాం. మమ్మల్ని ఉంచిన బడి హాలుకు ఒక పెద్దమనిషి వచ్చాడు. ఖాలా తమ్ముడట. నాయన నా ఒడిలోంచి సంచి తీసుకుని తాడు కోశాడు. లోపల నా నోటుబుక్కుల అట్టలే ఉన్నాయి. పేజీలు లేవు. అట్టల మధ్య ఖాలా కుటుంబం పాస్‌పోర్టులు, ఆమె భర్త సైనిక కార్డు, యూనిఫారంలో దిగిన ఫొటోలు. ఇంట్లో సోదా చేస్తే దొరక్కూడదని ఆమె తమ్ముడికి పంపినవి. అవి దొరికి ఉంటే మమ్మల్ని ఏం చేసేవాళ్లో ఆ వయసుకే నాకు తెలుసు.

"నా కాగితాలేవి?"

"కాల్చేసినా అమ్మీ. దండ్లు, దారులు, కాపలా చోట్లు అన్నీ గీసి పెట్టినారంట గదా. వాళ్లు చూస్తే కథ అంటే నమ్ముతారా?"

పెద్దవాళ్లెవరికీ చూపించని పటాల సంగతి ఆయనకు ఎవరు చెప్పారో అడగక్కర్లేకపోయింది. అక్క గోడ వైపు తిరిగి కూర్చుంది.

"మరి అవి నా దగ్గర ఎందుకు పెట్టినావు?"

"నీకు అబద్ధం చెప్పను రాదు. నీ మొగం చూస్తే ఎవురైనా నమ్ముతారు."

మా ఊరు రాయచోటికి వచ్చాక అక్క చాలాసార్లు అడిగింది, మళ్లీ రాద్దామే అని. అంతా మర్చిపోయానని చెప్పాను. నేను చెప్పిన మొదటి పెద్ద అబద్ధం అదే. తను నమ్మింది.

కువైట్‌కు విముక్తి దొరికాక ఒకరోజు పక్కింటి ఫోనుకు ఖాలా ఫోన్ చేసింది. భర్త బతికే ఉన్నాడు, తిరిగి వచ్చాడు. నాయనతో ఏడుస్తూ మాట్లాడి నన్ను పిలవమంది.

"నీ అంత ధైర్యం నా పిల్లలకు కూడా లేదు," అంది.

"నాకు తెలియదు ఖాలా. నాకు ఎవరూ చెప్పలేదు."

ఆమె ఏడుపు ఆపేసింది.

"తను నిన్ను అడిగినట్టూ, నువ్వు ఒప్పుకున్నట్టూ మీ నాన్న చెప్పాడే. ఒప్పుకోకపోతే పంపొద్దని నేనే అన్నాను."

నాయన పక్కనే నిలబడి సంతోషంగా నా మొహంలోకి చూస్తున్నాడు. ఆయనకు ఆమె మాటలు వినబడలేదు. ఫోను ఆయన చేతికిచ్చి బయటికి వచ్చేశాను.

ఆ రోజు ఆమె ఏమన్నదని ఆయన తర్వాత అడిగాడు. మెచ్చుకుందని చెప్పాను. ఇప్పటికీ చుట్టాలు వస్తే ఈ కథ ఆయనే చెబుతాడు. అందులో నేను ముందే అంతా తెలిసి, సరేనని సంచి ఎత్తుకున్న పిల్లను.