టెంటు కనబడక ముందే తగ్గిన పాట

దయ్యాలున్నాయా టీచర్ అని పిల్లలు అడిగితే, హోంవర్క్ చెయ్యని వాళ్ళకే కనిపిస్తాయిలే అని నవ్వించి పంపేసేదాన్ని. నేను ఫిజిక్స్ చెబుతాను. కారణం లేకుండా బల్బు కూడా ఆరిపోదని నమ్మిన మనిషిని. ఇది చదివి మీరు నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేదాన్నే.

మా స్కూలు కంకిపాడు దాటాక ఉంది. విజయవాడ నుంచి నా కారులో నేనూ, సోషల్ చెప్పే సుగుణ గారూ పదకొండేళ్ళు కలిసి వెళ్ళివచ్చాం. అన్నేళ్ళూ ఒకరినొకరం 'అండీ' అనే పిలుచుకున్నాం. ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. దారిలో ఎవరైనా పోయిన ఇల్లు, ముందు టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, ఐస్ బాక్స్ కనిపిస్తే చాలు, చెయ్యి చాచి పాట సౌండ్ తగ్గించేసేవారు. పూర్తిగా ఆపేవారు కాదు. ఇల్లు దాటాక మళ్ళీ పెంచేవారు.

పోయిన వేసవి సెలవుల్లో ఆవిడ గుండెపోటుతో పోయారు. వాళ్ళింటి ముందు టెంటు కింద చివరి కుర్చీలో కూర్చున్నాను. మీరేమవుతారని ఎవరో అడిగారు. చెప్పడానికి వరస లేదు. ఒకే స్కూల్లో పనిచేస్తామని చెప్పాను. అది నిజమే కానీ, నిజంలో పావు వంతు కూడా కాదు.

స్కూళ్ళు తెరిచాక ఆ పక్క సీటు నన్ను తినేసింది. పాత స్టీరియో కూడా అప్పుడే మూలపడింది. కారులో ఆ నిశ్శబ్దం భరించలేక, కొత్త టచ్‌స్క్రీన్ సెట్టు కోసం ఆటోనగర్ వెళ్ళాను. రెండు సెట్లు నచ్చాయి. నోట్‌బుక్‌లో గడులు గీసి రెండింటికీ మార్కులు వేశాను. ఎండలో స్క్రీన్ కనిపిస్తుందా, పెన్‌డ్రైవ్ ఎంత త్వరగా అందుకుంటుంది, రివర్స్ కెమెరా ఎలా ఉంది, పాత పాటల్లో గొంతు స్పష్టంగా వినిపిస్తుందా. ఎంతకీ తేలలేదు. షాపాయన ఓపికగల మనిషి. "ముందు ఈ పెద్ద స్క్రీన్‌ది పెడతానండీ. నెల రోజులు వాడి చూడండి. నచ్చకపోతే తీసేసి రెండోది బిగిస్తాను," అన్నారు.

మొదటి వారంలోనే ఒక ఉదయం, కంకిపాడు దగ్గర మలుపు తిరగబోతుండగా సౌండ్ పద్దెనిమిది నుంచి ఐదుకి దిగిపోయింది. స్క్రీన్ మీద అంకెలు ఒక్కొక్కటే తగ్గడం చూశాను. నా చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. మలుపు తిరిగితే టెంటు, దాని కింద ఐస్ బాక్స్. ఇల్లు దాటాక అంకెలు మళ్ళీ పెరిగాయి.

కాకతాళీయం అనుకున్నాను. కానీ గడులు గీసే అలవాటు ఎక్కడికి పోతుంది? జరిగినప్పుడల్లా రాసి పెట్టుకున్నాను. మూడు వారాల్లో నాలుగుసార్లు. నాలుగుసార్లూ చావు జరిగిన ఇల్లే. అందులో మూడుసార్లు నా కంటికి టెంటు కనబడక ముందే తగ్గింది. అదే దారిలో రెండు పెళ్ళిపందిళ్ళు దాటాను, ఏమీ జరగలేదు. గతుకుల వల్లా, ఎండ వేడికా, నా ఫోను వల్లా అని అన్నీ పరీక్షించాను. దేనితోనూ పొంతన కుదరలేదు.

నాలుగోసారి నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. నా బుర్ర మీద నాకే అనుమానం పుట్టిన కోపం. ఖాళీ సీటు వైపు తిరిగి, "చాలండీ సుగుణ గారూ, ఇంక ఊరుకోండి!" అని గట్టిగా అనేశాను.

మర్నాడే సెట్టు మార్పించాను. ఒక్కో సెట్టుకి ఎవరూ ముట్టకపోయినా టచ్ దానంతటదే పడుతుంటుందని షాపాయన సర్దిచెప్పారు. ఆ మాట నాకు హాయిగా అనిపించింది.

రెండో సెట్టు బుద్ధిగా పనిచేసింది. వారం తర్వాత ఒక టెంటు ముందు నుంచి వెళ్తున్నాను. పాట పద్దెనిమిదిలోనే మోగుతోంది. కుర్చీల్లో వాళ్ళు తలలు తిప్పి నన్ను చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా తగ్గించడానికి నా చెయ్యి లేవలేదు. పదకొండేళ్ళుగా ఆ పని నాది కాదు మరి. కాస్త ముందుకెళ్ళి, కాలవ పక్కన కారు ఆపుకుని ఏడ్చాను. ఆవిడ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

ఆ సాయంత్రమే ఆటోనగర్ వెళ్ళి, మొదటి సెట్టే మళ్ళీ పెట్టమన్నాను. "అయ్యో, అది హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన ఒకాయన కారుకి బిగించేశానండీ," అన్నారు షాపాయన. నా ముఖం చూసి ఏమనుకున్నారో, ఆయనకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి, సౌండ్ దానంతటదే తగ్గుతోందా అని అడిగారు. "లేదండీ, రోజూ తిరుగుతూనే ఉన్నా. బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు అవతలి మనిషి. అంటే సెట్టులో లోపమేమీ లేదు.

ఆ నాలుగుసార్లూ ఏం జరిగిందో ఇప్పటికీ నేను చెప్పలేను. సెట్టు మార్చినందుకు ఆగిపోయిందో, నేను ఆ మాట అన్నందుకు ఆగిపోయిందో తేల్చే ప్రయోగం నా దగ్గర లేదు. ఒకటి మాత్రం తెలుసు. నేను ఒకసారి వద్దన్న పనిని సుగుణ గారు ఆ పదకొండేళ్ళలో ఎన్నడూ రెండోసారి చెయ్యలేదు.